కుర్చీ ఖాళీగా ఉండకూడదంటే

(స్వర్ణోత్సవాల్లో భాగంగా పూర్వ విద్యార్థులకు ఏర్పాటు చేసిన స్వయం ఉపాధి సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

 

నాకు ముందు మాట్లాడినవాళ్లు పెద్ద వ్యాపారాల గురించి చెప్పారు. నాకిచ్చిన అంశం చిన్నది. తక్కువ ఖర్చుతో చిన్న సెలూన్‌కు గిరాకీ ఎలా తెచ్చుకోవాలి. చిన్నదే గానీ, దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా ఈ పని మీద పొయ్యి వెలిగే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. మన బడిలో చదివి కటింగ్ షాపు నడుపుతున్నవాళ్లు, లేడీస్ పార్లర్ నడుపుతున్న అక్కచెల్లెళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. కిరాయి ఏటేటా పెరుగుతోంది. గాజు తలుపుల సెలూన్లు మెయిన్ రోడ్డు మీద ఒకదాని పక్కన ఒకటి వస్తున్నాయి. పని రానివాళ్లు మూసుకున్నారంటే అర్థం ఉంది. పని బాగా వచ్చినవాళ్లు మూసుకుంటున్నారు. అదే నా బాధ.

ముందు ఒక విషయం తేల్చుకుందాం. సెలూన్‌కు గిరాకీ హైదరాబాద్ నుంచి రాదు. పది నిమిషాలు నడిచి వచ్చేంత దూరం నుంచి వస్తుంది. వనస్థలిపురంలో ఉన్నాయన కటింగ్ కోసం మూసారాంబాగ్‌కు రాడు. కాబట్టి ఊరంతా కనిపించేలా ఫేస్‌బుక్‌లో డబ్బు పోసి ప్రకటన ఇవ్వడమంటే, గల్లీలో నీళ్లు చల్లుకోవడానికి మూసీ మీద పంపు పెట్టుకున్నట్టు. ముందు మీ పది నిమిషాల దూరంలో ఎవరున్నారో తెలుసుకోండి.

ఈ రోడ్డునే తీసుకోండి. ఒకే రోడ్డు, కానీ రెండు కొసలూ రెండు ఊళ్లు. దిల్‌సుఖ్‌నగర్ అంటే కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. నల్గొండ నుంచి, ఖమ్మం నుంచి, పాలమూరు నుంచి వచ్చిన పిల్లలు గదికి నలుగురు చొప్పున ఉంటారు. ఉద్యోగాల నోటిఫికేషన్ పడితే గల్లీలు నిండుతాయి, పరీక్ష అయిపోతే సగం ఖాళీ. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే హాస్టళ్లు మూతపడి పిల్లలంతా ఊళ్లకు పోయారు. మే నెలలో సెలూన్లు తెరుచుకోవచ్చన్నారు. తెరిచి ఎవరికి చేయాలి? ఎల్బీ నగర్ కొసలో అలా కాదు. అటు మన్సూరాబాద్, ఇటు హస్తినాపురం, కర్మన్‌ఘాట్, అన్నీ సంసారాలున్న కాలనీలు. తండ్రి వస్తే కొడుకు వస్తాడు, కొడుకుతో తాత వస్తాడు. ఆ షాపులు ముందు కోలుకున్నాయి. హాస్టల్ పిల్లవాడికి రేటు ముఖ్యం, కాలనీ పెద్దాయనకు కూర్చోబెట్టే తీరు ముఖ్యం. ఇద్దరికీ ఒకే కరపత్రం పంచితే ఇద్దరూ చదవరు.

ఈ రెండింటి మధ్య కొత్తపేట. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ అక్కడున్నంత కాలం హమాలీలు, లారీ డ్రైవర్లు, కమీషన్ ఏజెంట్లు, పొద్దున నాలుగు గంటలకే మనుషులు. వాళ్లను నమ్ముకునే ఆ చుట్టుపక్కల ఎన్నో మడిగెలు బతికాయి. 2021-22లో మార్కెట్‌ను బాటసింగారం తరలించారు. స్థలం టిమ్స్ ఆసుపత్రికి ఇచ్చారు. షాపువాడి చేతిలో ఏ తప్పూ లేదు, చెయ్యి అదే, కత్తెర అదే, గిరాకీ మాత్రం ఇరవై కిలోమీటర్ల అవతలికి పోయింది. ఒకే రకం గిరాకీ మీద ఆధారపడ్డ షాపు ఎంత గట్టిగా కనిపించినా గట్టిది కాదని నాకు అప్పుడు అర్థమైంది. హాస్టల్ గల్లీలో ఉన్నవాళ్లు కనీసం పది సంసారాలనైనా పట్టుకోవాలి. కాలనీలో ఉన్నవాళ్లు ఒక్క హాస్టల్‌నైనా పట్టుకోవాలి.

రోడ్డు కూడా మారింది. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట నుంచి ఎల్బీ నగర్ దాకా మెట్రో మొదలైంది. ఎల్బీ నగర్ దగ్గర, చింతల్‌కుంట దగ్గర ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు వచ్చాయి. మనుషులు మన నెత్తి మీదుగా పోతున్నారు, మన కాళ్ల కిందుగా పోతున్నారు, మన బోర్డు ముందు నుంచి మాత్రం పోవడం తగ్గింది. రోడ్డు మీద బోర్డుకు ఒకప్పుడున్న విలువ లేదు. మెట్రో మెట్లు దిగి ఇంటికి నడిచే దారిలో బోర్డుకు విలువ పెరిగింది. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఆ మెట్ల దగ్గర ఒక్కరోజు నిలబడి చూడండి. ఎవరు ఏ గల్లీలోకి తిరుగుతున్నారో తెలుస్తుంది. దానికి పైసా ఖర్చు లేదు. అడ్రసు చెప్పేటప్పుడు మెట్రో పిల్లర్ నంబరుతో చెప్పండి, ఇప్పుడు జనానికి అదే గుర్తు. కానీ ఆ పిల్లర్ మీద పోస్టర్ అంటించకండి. అనుమతి లేకుండా పోస్టర్లు, ఫ్లెక్సీలు పెడితే జరిమానా పడుతుంది. తక్కువ ఖర్చు మార్కెటింగ్ అని మొదలుపెట్టి ఎక్కువ ఖర్చుతో ముగుస్తుంది.

బోర్డు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. సినిమా హీరో ఫొటో పెట్టకండి. ఆయనకు ఆ కటింగ్ మీరే చేశారని ఎవరూ నమ్మరు. మీ దగ్గర చేయించుకున్న కుర్రాడిని అడిగి, ఒప్పుకుంటే అతని ఫొటో పెట్టండి. ఆ గల్లీలో అతన్ని అందరూ గుర్తుపడతారు. రేట్లు తలుపు మీదే రాయండి, తెలుగులో పెద్దగా. మలక్‌పేట వైపున్నవాళ్లు ఉర్దూలోనూ రాయించండి. లోపల ఎంత తీసుకుంటారో తెలియక బయటే ఆగిపోయేవాళ్లు మీరనుకున్నదానికంటే ఎక్కువ.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. చైతన్యపురిలో ఒక గల్లీలో రెండు కుర్చీల షాపు పెట్టుకున్న తమ్ముడొకడున్నాడు, మన బడే, నా తర్వాత ఎనిమిదేళ్ల బ్యాచ్. ఎదురుగా పెద్ద పేరున్న సెలూన్ తెరిచారు. ఏసీ, మ్యూజిక్, మొదటి నెల సగం ధర. వీడు నాకు ఫోన్ చేసి, "అన్నా, నేను కూడా సగం చేస్తా" అన్నాడు. "ఆగరా, కాగితం పెన్ను తీసుకో" అన్నాను.

ఆ లెక్క మీరూ రాసుకోండి. కటింగ్ 150 రూపాయలు అనుకుందాం. చాలా షాపుల్లో ఉన్నట్టే కారిగర్‌కు సగం, 75. బ్లేడు, క్రీము, లోషన్, టవల్ ఉతుకుడు కలిపి 15. గల్లాలో మిగిలేది 60. కిరాయి, కరెంటు, ఇంట్లో బియ్యం అన్నీ ఆ అరవైలోంచే. ఇప్పుడు ధర సగం చేశావు. వచ్చిన 75 కారిగర్‌కే పోతుంది. ప్రతి తలకూ నువ్వు ఎదురు 15 పెట్టుకోవాలి. సరే, సగం వద్దు, 50 మాత్రమే తగ్గిద్దాం. వంద వస్తుంది, 75, 15 పోతే 10 మిగులుతుంది. కారిగర్‌ను తగ్గించుకోమనడం న్యాయం కాదు, అతని పని ఏమీ తగ్గలేదు. నిన్న పది మందితో మిగిలిన ఆరు వందలు ఇవాళ మిగలాలంటే అరవై మంది రావాలి. రెండు కుర్చీలు. కటింగ్‌కు అరగంట. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా అన్నం తినకుండా చేసినా 48 మంది. అరవై మంది నీ గడపలో నిలబడ్డా నువ్వు నష్టంలోనే ఉంటావు.

ఒక కుర్చీ దగ్గర నువ్వే నిలబడితే లెక్క కొంత మారుతుంది. కానీ నీ చేతికీ కూలి ఉంది. దాన్ని లెక్కలోంచి తీసేసి "లాభం వస్తోంది" అనుకునేవాళ్లను చాలామందిని చూశాను.

ఎదురు సెలూన్ సగం ధర ఎట్లా ఇస్తోంది మరి? వాళ్లకు కటింగ్ ఎర మాత్రమే. కూర్చున్నాక ఫేషియల్, హెయిర్ స్పా, డాండ్రఫ్ ట్రీట్‌మెంట్ అమ్ముతారు. అక్కడ పనిచేసే పిల్లలకు నెలకింత అమ్మాలని టార్గెట్ ఉంటుంది. అందుకే "సార్, స్కిన్ డల్‌గా ఉంది" అంటారు. ఆ మాట విని విసిగి లేచి వచ్చేవాడే మన గిరాకీ. మన షాపులో టార్గెట్ లేదు. కటింగ్‌కు వచ్చినాయనకు కటింగ్ చేసి పంపడమే, అడిగితేనే ఇంకోటి చెప్పడం, ఇది మనకున్న పెద్ద బలం. దీన్ని చాలామంది తమంతట తామే పోగొట్టుకుంటున్నారు, వాళ్లను చూసి అమ్మడం మొదలుపెట్టి.

తమ్ముడితో నెల రోజులు నోటుబుక్ రాయించాను. వచ్చినవాడి పేరు, ఫోన్ నంబరు, రోజు, టైము, ఎక్కడి నుంచి వచ్చాడు, ఎవరు చెబితే వచ్చాడు. నెల తర్వాత చూస్తే, సోమ, బుధ, గురువారాల్లో పదకొండు నుంచి నాలుగు దాకా కుర్చీలు ఖాళీ. ఆదివారం మాత్రం వచ్చి, రద్దీ చూసి, వెనక్కి పోతున్నారు. అంటే గిరాకీ లేకపోవడం కాదు సమస్య, గిరాకీ ఒకేసారి రావడం. అప్పుడు రెండు పనులు చేశాడు. ఆ ఖాళీ గంటల్లో మాత్రమే, హాస్టల్ పిల్లలకు మాత్రమే, 120 రూపాయలు. ముప్పై మిగులుతుంది. ఖాళీ కుర్చీకి ఏమీ మిగలదు కదా, కారిగర్ కూడా ఊరికే కూర్చోడు. రెండోది, ఆదివారానికి వాట్సాప్‌లో టైము ఇవ్వడం. పదిన్నర అంటే పదిన్నరే. చెప్పిన టైముకు కుర్చీ ఇవ్వలేకపోతే ఈ పని మొదలే పెట్టొద్దు.

చుట్టుపక్కల హాస్టళ్లకు నడిచి వెళ్లి, మెస్ గోడ మీద ఒక కాగితం పెట్టుకుంటానని అడిగాడు. హాస్టల్ నడిపేవాళ్లకూ, వంట మాస్టర్‌కూ నెలకొక కటింగ్ ఉచితం. వార్డెన్ కంటే వంట మాస్టర్ మాటే ఎక్కువ పనిచేసిందని వాడు నవ్వుతూ చెబుతాడు. కొందరు పాత గిరాకీలు ఎదురు సెలూన్‌కు పోయి తిరిగి రాలేదు, అదీ చెప్పాలి. ఇవాళ ఎదురు సెలూన్ ఉంది, వీడూ ఉన్నాడు.

ఫోన్‌తో చేసుకునే పనుల్లో మొదటిది గూగుల్ మ్యాప్‌లో షాపు పెట్టుకోవడం. ఉచితం. వీడియో తీసి పంపమని అడిగితే బోర్డు, లోపలి కుర్చీలు, తాళం తీయడం చూపించాలి. పేరు బోర్డు మీద ఉన్నట్టే రాయండి, "దిల్‌సుఖ్‌నగర్‌లో బెస్ట్" అని తగిలించడం వాళ్ల నియమాలకు విరుద్ధం, తీసేసే ప్రమాదం ఉంది. రివ్యూ రాస్తే డిస్కౌంట్ ఇస్తాననడం కూడా నియమాలకు విరుద్ధమే. పని నచ్చినాయనను నోటితో అడగండి, చాలు. ఎవరైనా చెడ్డగా రాస్తే గొడవ పెట్టుకోకండి, రెండు వాక్యాల్లో మర్యాదగా జవాబు రాయండి. ఆ జవాబు అతనికోసం కాదు, తర్వాత చదివే వందమంది కోసం.

టైములు సరిగ్గా పెట్టండి, ముఖ్యంగా మంగళవారం. మన షాపులకు మంగళవారం సెలవు ఆనవాయితీ, పెద్ద సెలూన్లకు లేదు. ఆ రోజు కూడా తెరవాలా అని నన్ను చాలామంది అడుగుతారు. నా మటుకు వద్దంటాను. వారమంతా నిలబడే కాళ్లవి. కానీ మ్యాప్‌లో "మంగళవారం మూసి ఉంటుంది" అని పెట్టకపోతే, వచ్చి తాళం చూసి పోయినవాడు ఒక్క స్టార్ ఇస్తాడు, అతని తప్పు కాదు.

రెండోది వాట్సాప్ బిజినెస్. ఇదీ ఉచితమే. రేట్ల పట్టిక, టైములు అందులోనే పెట్టుకోవచ్చు. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది దాకా చేర్చవచ్చు. అయితే మీ నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. కాబట్టి యూపీఐతో డబ్బు కట్టేటప్పుడే, ఫోన్ చేతిలో ఉండగానే, "సార్, నంబరు సేవ్ చేసుకోండి, వచ్చే ముందు ఒక మెసేజ్ పెడితే ఆగే పని ఉండదు" అని చెప్పాలి. రోజూ గుడ్ మార్నింగ్ పూల బొమ్మలు పంపితే రెండో వారానికి బ్లాక్ చేస్తారు. నెలకు ఒక్క మెసేజ్ చాలు, కటింగ్ అయిన ఇరవై అయిదో రోజున. నెలకొకసారి వచ్చే మనిషి ఏడాదికి 1,800 ఇచ్చేవాడు. కొత్తవాడి కోసం పరుగెత్తే ముందు, గత నెల వచ్చి ఈ నెల రానివాడెవడో నోటుబుక్‌లో చూడండి.

అక్కచెల్లెళ్లకు ఒక మాట. ఫొటోలు, వీడియోలు పెట్టే ముందు ఆమెను అడగాలి, అడిగి ఊరుకోకుండా పెట్టబోయేది చూపించాలి. పార్లర్‌కు నమ్మకమే పెట్టుబడి. ఒక్క ఫొటో తప్పుగా బయటికి పోతే అపార్ట్‌మెంట్ మొత్తం పోతుంది. మిగతా విషయాల్లో నాకంటే మీకే ఎక్కువ తెలుసు. వరలక్ష్మీ వ్రతానికి, బతుకమ్మకు ఎన్ని రోజుల ముందు నుంచి రద్దీ మొదలవుతుందో మీరే నాకు చెప్పాలి.

క్యాలెండర్ గోడకు ఉంటే చాలదు, నోటుబుక్‌లో ఉండాలి. కార్తీకంలో అయ్యప్ప మాలలు పడతాయి. 41 రోజులు కత్తెర తగలదు. ఆ రోజుల్లో ఆఫర్లు పెట్టి ప్రయోజనం లేదు. కుర్చీ రెగ్జిన్ మార్పించుకోండి, గోడకు రంగు వేయించుకోండి. దీక్ష విరమించి వచ్చే వారానికి మాత్రం మనిషిని అదనంగా పెట్టుకోండి. రంజాన్ పండుగ ముందు రాత్రి మూసారాంబాగ్ వైపు షాపు ఎంతసేపు తెరిచి ఉంచితే అంత గిరాకీ. జూన్‌లో బడులు తెరిచే ముందు వారం పిల్లలది. మూఢంలో, ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, ఆ తర్వాత వరుసగా ఉంటాయి. పెళ్లికొడుకు అలంకరణ చేసేవాళ్లు ఫంక్షన్ హాళ్లవాళ్లతో, ఫొటో స్టూడియోలతో ఆషాఢంలోనే మాట్లాడుకోవాలి.

మా నాన్న ఏ ప్రకటనా ఇవ్వలేదు. పెళ్లిళ్లలో డోలు వాయించేవాడు. మేళానికి పిలిచిన ఇళ్లన్నీ షాపుకు వచ్చేవి, షాపుకు వచ్చినవాళ్లు మేళానికి పిలిచేవాళ్లు. ఇప్పుడు దాన్ని రెఫరల్ అంటున్నారు. పేరు ఏదైనా, పాత గిరాకీ కొత్తవాణ్ని తీసుకొస్తే ఇద్దరికీ ఏదో ఒకటి ఇవ్వండి. డబ్బు తగ్గించక్కర్లేదు, గడ్డం ట్రిమ్మింగ్ ఊరికే చేయండి. మీకు పది నిమిషాలు, అతనికి అది లెక్కలో ఉంటుంది.

అన్నిటికంటే చవకైన ప్రకటన బ్లేడు. కొత్తది వేశానని చెప్పకండి. ఆయన అద్దంలో చూస్తుండగా కాగితం విప్పండి. ఉతికిన టవల్ ఆయన ముందే మడత విప్పి కప్పండి. ఇది చూసిన మనిషి ఇంట్లో చెబుతాడు.

డబ్బు సంగతి త్వరగా చెప్పి ముగిస్తాను. నాయీ బ్రాహ్మణుల సెలూన్లకు రాష్ట్ర ప్రభుత్వం 2021 ఏప్రిల్ నుంచి నెలకు 250 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ప్రకటించింది, దరఖాస్తు చేయనివాళ్లు ఇంకా ఉంటే చేయండి. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో మనదీ ఒకటి. శిక్షణ, పనిముట్లకు 15,000, తర్వాత 5 శాతం వడ్డీకి మొదట లక్ష, అది తీర్చాక రెండు లక్షల దాకా రుణం. ముద్ర శిశు రుణం 50,000 దాకా. ఆ డబ్బుతో ఏసీ కొనకండి. మంచి కుర్చీ, మంచి వెలుతురు, రెండు డజన్ల టవళ్లు కొనండి. ఏడాది వసూలు 20 లక్షలు దాటనంత వరకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం లేదు, ఎవరో భయపెడితే కన్సల్టెంట్‌కు ఫీజు కట్టకండి.

బెంగళూరు రమేశ్ బాబు గారి వీడియో మీ అందరి ఫోన్లకూ వచ్చే ఉంటుంది, రోల్స్ రాయిస్ కొన్న క్షురకుడని. గొప్ప మనిషే. అయితే ఆ కారు కత్తెరతో రాలేదు, కార్లు అద్దెకిచ్చే వ్యాపారంతో వచ్చింది. ఇంత సంపాదించాక కూడా ఆయన కత్తెర వదల్లేదు, నాకు నచ్చేది అది. మన పిల్లలు ఇదే పనిని పెద్ద సెలూన్‌లో "స్టైలిస్ట్" అనే పేరుతో జీతానికి చేస్తారు గానీ తండ్రి షాపులో కూర్చోమంటే సిగ్గుపడతారు. తప్పు వాళ్లది కాదు, ఆ షాపును మనం ఎలా పిలిపించుకున్నామో అలాగే చూశారు. బోర్డు మీద మీ పేరు పెద్దగా రాయించుకోండి.

కిరాయి గురించి ఇద్దరు తమ్ముళ్లు పొద్దున నన్ను విడిగా అడిగారు, మడిగె ఖాళీ చేద్దామనుకుంటున్నారట. భోజనాల తర్వాత ఇక్కడే ఉంటాను, ఆరు నెలల లెక్కలతో రండి. వచ్చే డబ్బు కంటే కిరాయే ఎక్కువ ఉంటే ఏ మార్కెటింగూ కాపాడదు. మెయిన్ రోడ్డు వదిలి నాలుగు ఇళ్లు లోపలికి జరగమంటాను, పాత గిరాకీల నంబర్లు చేతిలో ఉంటే ఆ నాలుగు ఇళ్లు వాళ్లు నడిచి వస్తారు. మ్యాప్‌లో షాపు లేనివాళ్లు ఫోన్‌లో చార్జింగ్ పెట్టుకుని రండి, కూర్చోబెట్టి చేయిస్తాను. ఇప్పుడు ఎవరికైనా ప్రశ్నలుంటే అడగండి.